ఖాళీ సున్న

అది గోలీ కాదు, థర్మామీటర్ అన్నది రయ్యా మేడం.
చింతగింజంత ఉన్నది.
మింగినంక లోపల కూసుండి
నడుముకు కట్టిన డబ్బాతోటి ముచ్చట పెడుతదట,
నా కడుపుల వేడి ఎంతో
నిమిష నిమిషానికి.

సొహార్ రేవు దాపున, ఆయిల్ ట్యాంకుల కాడ
నలభై ఒక్కమందిమి సంతకాలు పెట్టినం.
కాగితం హిందీల ఉండె. సుధీరన్ సదివి వినిపించిండు.
ఇష్టం లేకుంటే ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చని రాసుండె.
ఆ ఒక్క మాట రెండుసార్లు చదివించుకున్న.
పదిహేడేండ్ల కొలువుల
అసువంటి కాగితం మీద ఎన్నడు సంతకం పెట్టలే.

పొద్దున నాలుగింటికి ఒక సీస,
పని దిగినంక ఒక సీస.
ఐసు పెట్టెలల్ల పేర్చుకొని, చేపల లెక్క, తీస్కపోయిండ్రు.
మనకు దొరకని ఐసు మన ఉచ్చకు దొరికిందిరా అని
బుచ్చిమల్లు పొట్ట పట్టుకొని నవ్విండు.

పదిన్నరకు ముప్పై ఏడు పాయింట్ తొమ్మిది.
ఎట్లున్నదని అడిగిండ్రు.
మంచిగనే ఉన్న అన్న.
పదకొండుంబావుకు ముప్పై ఎనిమిదిన్నర.
మంచిగనే ఉన్న అన్న.
రోజు ఫోన్ల అనే మాటనే గద,
అలవాటైన నోరు.
కడుపుకు ఆ అలవాటు లేకపాయె,
ఉన్నదున్నట్టు చెప్పింది.

మూడోనాడు పొద్దుగాల అది నన్ను విడిచిపోయింది.
ఏ దారిన పోయిందో చెప్పే పని లేదు.

ఎండలు పోయినయి. మళ్ళ మార్చి వచ్చింది.
మేడం మెస్సుల కూసుండి అచ్చైన కాగితాలు ముందట పెట్టింది.
పైన ఆరుగురి పేర్లు.
మా పేర్లు లేవు, ఉండొద్దని నియమమట,
తాళమేసిన బీరువాల మేము నంబర్లం.
మూడో పేజీల ఒక బొమ్మ:
కింద గంటలు, పక్కకు వేడి,
నడుమ నల్లచుక్కలు, ఆవాలు పారబోసినట్టు.
ఆవాల నడుమకెల్లి ఒక గీత పైకి పోతున్నది.
ఆ గీతకు శానా పైన, ఒక్కటే,
ఖాళీ సున్న.

ఇదేంది మేడం?
పరికరం తప్పు చూపిందనుకున్నం,
లెక్కలకెల్లి తీసేసినం అన్నది.
ఏ గంట అది?
రెండోనాడు, పన్నెండు ఇరవై.

పన్నెండున్నరకు పని బంద్, సర్కారు కానూను.
దానికింక పది నిమిషాలుండంగ
ట్యాంకు కప్పు మీద
బుచ్చిమల్లు కండ్లు తేలేసి కూలబడ్డడు.
తొంభై రెండు మెట్లు.
భుజాన వేసుకొని దించిన.
వాని వేడి, నా వేడి, ఇనుప కమ్మీల వేడి,
ఏది ఎవ్వరిదో డబ్బాకు ఎట్ల తెలుస్తది?
ముఖం మీద నీళ్ళు చల్లితే లేచి కూసున్నడు.
తెల్లారి పనికొచ్చిండు.
ఫోర్‌మన్ రిజిస్టర్ల రాయలే.
నేను ఎవ్వరికీ చెప్పలే.
ఆ పొద్దు గూడ అడిగిండ్రు, ఎట్లున్నదని.

పరికరం మంచిగనే ఉండె మేడం, అన్న.

సుధీరన్ పెన్ను అడుక్కొని
కాగితం అంచున తెలుగుల రాసిన: గంగరాజం.
సూడు, నా పేరుల ముందే రెండు సున్నలున్నయి.
ఖాళీవని తీసేస్తే గగరాజ అయితది,
పిలిస్తే ఎవ్వడు పలుకడు.

సుధీరన్ ఆ మాటను ఎట్ల మలిపి చెప్పిండో,
అసలు చెప్పిండో లేదో.
మేడం శానాసేపు ఆ సున్న మీద వేలు పెట్టి కూసున్నది.
చాయ్ మీద మీగడ కట్టింది.
తర్వాత సంచిలకెల్లి నోటుబుక్కు తీసి,
కొత్త పేజీ తిప్పి,
ఎన్ని మెట్లన్నవు, అని అడిగింది.